సూర్యరశ్మి, విద్యుచ్ఛక్తి, మన మెట్టసీమ

మాఘ ఫాల్గుణ మాసములలో గుంటూరు నుండి నరసరావుపేటకు గాని, చిలకలూరిపేట మీదుగా ఒంగోలునకు గాని ప్రయాణము చేసినవారికి బాట కిరువైపుల కల్లములలో ఎఱ్ఱని మిరపకాయలు ఆరబోయబడి యుండుట కానవచ్చును. ఆ కాయల నారబెట్టువాడు సూర్యుడు. అతడు కూలి యడుగడు, అప్పు వ్రాయించుకొనడు. మన తాతముత్తాతల నాటినుండియు ఈ సీమ రైతు సూర్యుని వేడిమిని ఉచితముగనే వాడుకొనుచున్నాడు.

అయితే ఆ మిరపతోటకే నీరు తోడుటకు కాలువగట్టున డీజిలు ఇంజను మ్రోగుచున్నది. ఆ కాయలను గుంటూరు యార్డునకు చేర్చు బండి డీజిలుతోనే నడచుచున్నది. ఆ రైతు ఇంటిలో అన్నము గ్యాసు మీద గాని, పత్తికట్టె పొయ్యి మీద గాని ఉడుకుచున్నది. మన దేశమునకు వలయు ముడినూనెలో నూటికి ఎనుబది పాళ్లకు పైగా, వంటగ్యాసులో సగమునకు మించియు పరదేశములనుండి ఓడలలో వచ్చుచున్నవి. నెత్తిపై కాయు ఎండకు వెల లేదు. సముద్రము దాటి వచ్చు నూనెకు మాత్రము వెల చెల్లింపవలెను. ఎండనుండియు గాలినుండియు పుట్టు కరెంటు మిక్కిలి చౌకయైన ఈ కాలమున, ఈ పనులన్నియు నూనెను, గ్యాసును, కట్టెను విడిచి కరెంటు మీదికి మరలునా? మరలినచో మన సీమకు కలుగు లాభమేమి? వహింపవలసిన జాగ్రత్త యేమి? ఈ వ్యాసమున విచారింపబడు విషయ మిదియే.

1. యూనిట్ అననేమి?

కరెంటు బిల్లులో "యూనిట్లు" అని వ్రాసియుండుట మీరందఱు చూచియుందురు. వేయి వాట్ల పరికర మొక గంటసేపు పనిచేసినచో ఖర్చగు శక్తియే ఒక యూనిట్. ఈ మాట వినుటకు చిన్నదిగ నున్నను, దాని బలమెంతయో లెక్క కట్టి చూచినగాని తెలియదు.

ఆరోగ్యవంతుడైన కూలివాడు దినమంతయు ఎడతెగక పార పట్టి పనిచేసినను, అతని కండల బలము సగటున డెబ్బదియైదు వాట్లకు మించదు. ఎనిమిది గంటల పనికి అది 0.6 యూనిట్ అగును. అనగా ఒక యూనిట్ కరెంటు ఇంచుమించు ఇద్దఱు మనుష్యుల దినమంతటి కాయకష్టమునకు సమానము. 1876 మొదలు 1878 వఱకు మన దేశమును పీడించిన గొప్ప కఱవులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీయగు క్లౌ దొరగారు బకింగుహాము కాలువలో కొన్ని మైళ్ల భాగమును త్రవ్వించుటకు కంట్రాక్టు తీసికొని, ఆకలిగొన్న వేలకొలది జనులకు పని చూపి కూడు పెట్టిరి. ఆ కాలువ మట్టి యంతయు మనుష్యుల భుజములమీదను, తలలమీదను మోయబడినదే. నాడు మనుష్యుని కండకు, ఎద్దు మెడకు బదులుగ మన పల్లెలలో వేఱొక బలము లేకుండెను.

ఇక నీటి విషయము. ముప్పది మీటర్ల లోతునుండి వేయి లీటర్ల నీటిని పైకి తెచ్చుటకు కావలసిన పనిని శాస్త్రప్రకారము గుణించినచో, ఒక యూనిట్ శక్తి పండ్రెండువేల లీటర్లను తోడవలయును. మోటారులోను, పంపులోను, గొట్టములలోను సగము నష్టమగునని తీసివేసినను ఆఱువేల లీటర్లు వచ్చును. ఈ లెక్కను మఱువకుడు. దీనితో ముందునకు మఱల పని యున్నది.

2. చౌకయైన కరెంటు పూర్వమేమి చేసెను?

కరెంటు చౌకయైనచో పనులు దానిమీదికి తామై మరలునా యను ప్రశ్నకు ఊహతో సమాధానము చెప్పనక్కఱలేదు. దక్షిణదేశ చరిత్రయే చెప్పుచున్నది.

మొదటి నిదర్శనము కోలారు. ఆ బంగారు గనులలో తొలుత ఆవిరియంత్రములు నడచెడివి. వానికి బొగ్గు, కట్టె దూరమునుండి తేవలసివచ్చెడిది. 1902లో మైసూరు సంస్థానమువారు శివసముద్రము నొద్ద కావేరి జలపాతమునుండి విద్యుత్తును పుట్టించి, సుమారు తొంబదిరెండు మైళ్ల దూరము తీగెలమీద కోలారునకు పంపిరి. పడు నీటికి వెల లేదు గనుక బొగ్గుకంటె కరెంటే చౌకయై, గనుల యంత్రములు క్రమముగ కరెంటుమీదికి మరలెను.

రెండవ నిదర్శనము మనకు మఱింత సమీపమైనది. ఏలయన అదియు పత్తిసీమయే. కోయంబత్తూరు ప్రాంతమున నల్లరేగడి నేలలును, లోతైన దిగుడు బావులును, పత్తియును కలవు. అక్కడ తరతరములుగ తెలుగు మాటలాడు కమ్మనాయుళ్లు వ్యవసాయము చేయుచుండిరి. 1932లో నీలగిరులలోని పైకారా జలవిద్యుత్తు దిగివచ్చెను. ఎద్దుల కపిలతో నీరు తోడిన బావులకు మోటార్లు వచ్చెను. పత్తిని బయటికి పంపుచుండిన ఊరు దానిని తానే నూలుగ వడకసాగెను. కొన్ని యేండ్లలోనే నూలు మిల్లులు విస్తారముగ లేచెను. కరెంటు రాగానే మోటార్లు కావలసివచ్చెను. మోటార్లు కావలసిరాగా వానిని చేయు నేర్పరులును పుట్టిరి. తెలుగు కుటుంబములవారైన జి. డి. నాయుడుగారును, డి. బాలసుందరం నాయుడుగారును కలిసి 1937లో దేశీయమైన విద్యుత్ మోటారును తయారుచేసిరి. నేటికిని ఆంధ్రదేశపు బావులలో నడచు పంపులలో అనేకములు కోయంబత్తూరినుండియే వచ్చుచున్నవి.

దీనివలన మనము గ్రహింపవలసిన నీతి యేమి? చౌకయైన కరెంటు దీపములకు మాత్రమే వచ్చినది కాదు. అది ముందు బావికి, పిమ్మట మిల్లునకు, ఆ పిమ్మట కార్ఖానాకు ప్రాకెను. శక్తి చౌకయైన చోటికి పని వచ్చును. పని యున్నచోట విద్య పెరుగును. అయితే శివసముద్రమునకును, పైకారాకును జలపాతములు కావలసియుండెను. మన మెట్టసీమలో అట్టి జలపాతములు లేవు. ఉన్నదెల్ల ఎండయే. ఆ యెండ ఇన్నాళ్లును కరెంటుగ మాఱుటకు మిక్కిలి ఖరీదైన వస్తువై యుండెను.

3. ఎండ కరెంటు ఎట్లు చౌకయయ్యెను?

వెలుతురు తగిలినచో కొన్ని పదార్థములలో విద్యుత్తు పుట్టునని ఫ్రాన్సు దేశస్థుడగు బెకరల్ 1839లోనే కనుగొనెను. కాని పనికివచ్చు సిలికాను ఘటము 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందు తయారయ్యెను. అది తనమీద బడిన వెలుతురులో నూటికి ఆఱు పాళ్లను మాత్రమే కరెంటుగ మార్చెను. నేడు మార్కెట్టులో దొరకు పలకలు ఇరువది పాళ్లకు పైగా మార్చుచున్నవి.

అంతకంటె వింతయైనది ధర. సౌరపలకల విషయమున ఒక నియమము చాలకాలముగ కానవచ్చుచున్నది: లోకమున ఇంతవఱకు తయారైన పలకల మొత్తము రెట్టింపైన ప్రతిసారియు ధర ఇంచుమించు అయిదవ వంతు తగ్గుచు వచ్చుచున్నది. చేయగా చేయగా చేయి తిరుగును. చేయి తిరిగినకొలది ఖర్చు తగ్గును. బొగ్గునకు ఈ గుణము లేదు. దానిని త్రవ్వినకొలది గని లోతగును గాని చౌక కాదు.

మన దేశపు లెక్కలు చూడుడు. జాతీయ సౌరశక్తి ఉద్యమము 2010 జనవరిలో ప్రారంభమయ్యెను. ఆ యేటి తుదిని జరిగిన మొదటి వేలములో యూనిట్ వెల రూ. 10.95 మొదలు రూ. 12.76 వఱకు పలికెను. 2017 ఏప్రిలులో మన కడప సౌరపార్కు వేలములో అదే యూనిట్ రూ. 3.15 పలికెను. 2020 డిసెంబరులో గుజరాతు వేలమున రూ. 1.99కి దిగెను. వేలములను బట్టి, చోటును బట్టి ఈ వెల కొంత హెచ్చుచు తగ్గుచు నున్నను, పది యేండ్లలో పది రూపాయల వస్తువు మూడు రూపాయల లోపునకు వచ్చిన మాట సత్యము. మన రాష్ట్రమున ఉమ్మడి కర్నూలు జిల్లాలోని గని, శకునాల గ్రామముల యొద్ద వేయి మెగావాట్ల సౌరపార్కు 2017లో పూర్తియైనది.

అయితే ఇది పలకల చెంత పలికిన వెల. తీగెలు, ట్రాన్సుఫార్మర్లు, మార్గమధ్యమున పోవు నష్టము, సిబ్బంది జీతములు, రాత్రివేళ వేఱొక చోటినుండి తెచ్చు కరెంటు, ఇవియెల్ల కలిసి ఇంటి వాకిటికి వచ్చుసరికి వెల రెట్టింపునకు మించును. వేలముధరను మాత్రమే చూచి కరెంటు ఊరకనే వచ్చుచున్నదని భ్రమపడరాదు.

4. డీజిలుకును, కరెంటునకును ఒక లెక్క

నాగార్జునసాగరు కుడి కాలువ క్రింద పలనాటిలోను, ప్రకాశము జిల్లా ఉత్తరభాగమునను చివరి భూముల రైతులు కాలువలోను, వాగులోను నిలిచిన నీటిని ఇంజనుతో తోడి మిరపకు, పత్తికి పెట్టుచుందురు. అట్టి అయిదు గుఱ్ఱముల బలముగల పంపును తీసికొందము. ఒక గుఱ్ఱపుబలము 746 వాట్లు. కాబట్టి గంటకు వలయు పని సుమారు 3.7 యూనిట్లు.

డీజిలు ఇంజనుతో: లీటరు డీజిలులో సుమారు పది యూనిట్ల వేడిమి కలదు. చిన్న ఇంజను అందు నాల్గవ పాలు మాత్రమే పనిగ మార్చి, మిగిలిన మూడు పాళ్లను పొగగను, వేడిగను గాలిలో కలుపును. అనగా లీటరునకు రెండున్నర యూనిట్ల పని. గంటకు లీటరున్నర డీజిలు కావలెను. లీటరు తొంబది రూపాయలనుకొన్నను, గంటకు నూటముప్పదియైదు రూపాయలు.

మోటారుతో: మంచి మోటారు తనకిచ్చిన కరెంటులో నూటికి ఎనుబదియైదు పాళ్లను పనిగ మార్చును. గంటకు నాలుగున్నర యూనిట్లకు లోపే చాలును. యూనిట్ ఏడు రూపాయలనుకొన్నను ముప్పదియొక్క రూపాయలు. మూడు రూపాయలైనచో పదుమూడు మాత్రమే.

ఈ లెక్కలో రెండు సంగతులు కలిసియున్నవి. మొదటిది ధర. రెండవది, దానికంటెను గొప్పది, పొదుపు. మండించి పని చేయించు యంత్రము ఇచ్చినదానిలో ముక్కాలు పాలు పాఱవేయును. మోటారు అట్లు పాఱవేయదు. కాబట్టి పనులు కరెంటుమీదికి మరలినచో దేశమునకు కావలసిన మొత్తము శక్తియే తగ్గును. రెయిలుబండి దీనికి సాక్షి. మన దేశమున మొదటి విద్యుత్ రెయిలు 1925 ఫిబ్రవరి 3వ తేదీని బొంబాయిలో నడచెను. చీరాల, ఒంగోలు మీదుగా పోవు విజయవాడ, మదరాసు మార్గము 1980 ప్రాంతమున విద్యుత్తునకు మరలెను. ఆ పట్టాలమీద బొగ్గుమసి లేకుండ బండ్లు పోవుట ఇప్పుడెవరికిని వింతగ దోచదు. రేపు పొలములలోను, బాటలమీదను జరుగవలసినది ఇట్టిదే.

5. మన సీమలో ఏ పనులు మరలగలవు?

(అ) నీరు తోడుట. 2004 మే 14వ తేదీని అప్పటి ముఖ్యమంత్రి వై. యస్. రాజశేఖరరెడ్డిగారు వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు నిచ్చు పత్రముపై సంతకము చేసిరి. నాటినుండి బోరుబావుల రైతునకు కరెంటు వెల లేదు. కాని వేళ యొకటి కలదు. చాలకాలము ఆ వేళలో కొంత రాత్రి పడెడిది. ఏ జామున కరెంటు వచ్చునో తెలియక రైతు లాంతరు పట్టుకొని చీకటిలో పొలము పోవుటయు, పాముకాటునకో, తడిచేతి కరెంటు తాకిడికో బలియగుటయు మన పల్లెలలో పలువురి ఇండ్ల దుఃఖకథ. ఎండ కరెంటు స్వభావముచేతనే పగటివేళ పుట్టును. పగలు పుట్టిన దానిని పగలే పొలమున కిచ్చినచో నిలువ చేయు ఖర్చు లేదు. రైతు రాత్రి ఇంట నిద్రించును. చౌకయైన సౌరవిద్యుత్తువలన మన సీమకు కలుగు మేళ్లలో నేను దీనినే మొదట లెక్కింతును. 2019లో కేంద్రప్రభుత్వము మొదలిడిన కుసుమ్ పథకము సబ్‌స్టేషనుల చెంత చిన్న సౌరకేంద్రములను స్థాపించి, ఆ ఫీడరు క్రింది మోటార్లకు పగటి కరెంటు నిచ్చుటకు, కరెంటు తీగ లేనిచోట విడి సౌరపంపులకు సహాయమిచ్చుటకు ఏర్పడినది.

(ఆ) కోల్డు స్టోరేజీలు. గుంటూరు మిర్చి యార్డు చుట్టుపట్ల నూటికి పైగా శీతల గిడ్డంగులు కలవు. వేసవిలో బయట నలువది రెండు, నలువది మూడు డిగ్రీల యెండ మండుచుండగా, లోపల టిక్కీలు అయిదాఱు డిగ్రీల చలిలో నుండవలెను. లేనిచో కాయ రంగు మాసి, పురుగుపట్టి వెల పోవును. ఇచ్చట ఒక చక్కని పొందిక కలదు. చలి మిక్కిలి కావలసినది ఎండ మిక్కిలి కాయు వేళనే. కరెంటు మిక్కిలి పుట్టునదియు ఆ వేళనే. మందమైన గోడలుగల గిడ్డంగిని మధ్యాహ్నమున ఒక డిగ్రీ హెచ్చుగ చల్లబఱచినచో, లోపలి బస్తాలే ఆ చలిని పట్టియుంచును. సాయంకాలమున యంత్రములు కొంతసేపు విశ్రమింపవచ్చును. కుండలో నీటివలె బస్తాలలో చలిని నిలువ చేయుట యన్నమాట. 2023 జూనులో కేంద్రప్రభుత్వము చేసిన నియమములు సౌరఘడియలలో కరెంటు వెల నూటికి పది మొదలు ఇరువది పాళ్ల వఱకు తక్కువగను, సాయంకాలపు రద్దీవేళ అంతే హెచ్చుగను ఉండవలెనని చెప్పుచున్నవి. ఇట్టి వెలభేదము గిడ్డంగులవారికి తగిన ప్రోత్సాహము.

(ఇ) కాయలు, ఆకులు ఆరబెట్టుట. కల్లములో కాయ ఆరుటకు పదిపదునైదు దినములు పట్టును. ఆ నడుమ అకాలవర్షము కురిసినచో కాయ బూజుపట్టి తాలగును; ఆ బూజువలన పుట్టు విషమునుబట్టి పరదేశములవారు సరకును త్రిప్పిపంపుదురు. ఉమ్మడి ప్రకాశము జిల్లాలో కందుకూరు, కొండపి, పొదిలి ప్రాంతముల వర్జీనియా పొగాకు బ్యారన్ల స్థితి వేఱు. అక్కడ ఆకును డెబ్బది డిగ్రీల వఱకు వేడిచేసి ఆరబెట్టుటకు బండ్లకొలది కట్టెను కాల్చుదురు. సరుగుడుతోపులు, తుమ్మచెట్లు అట్లు పొయ్యిపాలగుచున్నవి. ఉష్ణపంపు అనబడు యంత్రము ఒక యూనిట్ కరెంటుతో బయటిగాలిలోని వేడిని లోనికి తోడి, రెండు మూడు యూనిట్ల వేడి నీయగలదు. మిరపకు వలయు ఏబది, అరువది డిగ్రీలకు ఇది సరిపోవును. కాని యంత్రము ఖరీదైనది. సంవత్సరములో కొన్ని వారములే పనికివచ్చునది. కాబట్టి ఒక్కొక్క రైతు గాక, ఊరి సంఘము కొని అందఱకును వంతులవారీగ వాడుకొన్నగాని గిట్టదు.

(ఈ) వంటయిల్లు. పత్తి తీత ముగిసిన పిమ్మట పత్తికట్టె మోపులు మోపులుగ ఇండ్ల వెనుక పేర్చుట మన ఆచారము. మూడురాళ్ల పొయ్యి కట్టెలోని వేడిలో పదిపదునైదు పాళ్లను మాత్రమే కుండకిచ్చి, మిగిలినది పొగగ తల్లి కన్నులలోను, ఊపిరితిత్తులలోను నింపును. 1999లో వచ్చిన దీపము పథకము, 2016లో వచ్చిన ఉజ్జ్వల పథకము గ్యాసు పొయ్యిని పేదయింటికి తెచ్చినవి. కాని సిలిండరు కొనలేని నెలలో పత్తికట్టె మఱల లోనికి వచ్చుచున్నది. ఇండక్షను పొయ్యి తనకిచ్చిన కరెంటులో ఎనుబదియైదు పాళ్ల వఱకు గిన్నెకే చేర్చును. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన సూర్యఘర్ పథకముక్రింద ఇంటికప్పుమీద ఒక కిలోవాటు పలకలకు ముప్పదివేలు, రెండింటికి అరువదివేలు, మూడు లేక అంతకు మించినవానికి డెబ్బదియెనిమిదివేల రూపాయలు కేంద్రసహాయముగ నిర్ణయించిరి. మన సీమలో ఒక కిలోవాటు పలకలు దినమునకు సగటున నాలుగు యూనిట్ల నిచ్చును. ఒక చిన్న కుటుంబపు వంటకు అందు సగము చాలును.

6. ప్రొద్దుగ్రుంకిన పిమ్మట?

ఇది విని తెలివిగల విద్యార్థి "అయ్యా, రాత్రి యెట్లు?" అని అడుగును. అడుగవలసినదే. నేటికిని రాత్రి మన దీపము వెలుగుటకు ముఖ్యాధారము బొగ్గు. ఇబ్రహీంపట్టణములోని విద్యుత్కేంద్రమున 1979 నుండియు బొగ్గు మండుచున్నది. ఒక యూనిట్ పుట్టుటకు ముప్పాతిక కిలో వఱకు బొగ్గు కావలెను. దానినుండి ఇంచుమించు ఒక కిలో బొగ్గుపులుసు వాయువు గాలిలో కలియును. భూమి వేడెక్కి వర్షములు కాలము తప్పుటకు కారణములలో ఇది ముఖ్యమైనది. కల్లములోని కాయను తడుపు అకాలవర్షమునకును ఈ పొగకును సంబంధము లేదని చెప్పజాలము.

రాత్రి సమస్యకు మన పెద్దలు నీటివిషయమున ఎన్నడో మార్గము చూపిరి. వాన కురిసిన నాలుగు నెలల నీటిని పండ్రెండు నెలలు వాడుకొనుటకు విజయనగరరాజుల కాలమున కంభము చెరువు కట్టిరి. కరెంటునకును అట్టి చెరువు కావలెను. అట్టిది మన యింటనే కలదు. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10వ తేదీని నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4వ తేదీని ఇందిరాగాంధిగారు కాలువలకు నీరు వదలిరి. అచ్చటి ప్రధానవిద్యుత్కేంద్రములోని ఎనిమిది యంత్రములలో ఏడు ఇరుదెసల తిరుగు యంత్రములు: ఒక దెస తిరిగినచో నీరు పడి కరెంటు పుట్టును, మఱియొక దెస తిరిగినచో కరెంటుతో దిగువనీరు మఱల పైకెక్కును. మధ్యాహ్నపు చౌక కరెంటుతో నీటిని పైకెక్కించి, రాత్రి దానిని దింపి దీపములు వెలిగింపవచ్చునన్నమాట. దిగువను నీరు నిలుచుటకు సత్రశాల యొద్ద ఆనకట్ట కట్టిరి. నూఱు యూనిట్లతో ఎక్కించిన నీరు దిగునపుడు డెబ్బదియైదు, ఎనుబది యూనిట్లు తిరిగి ఇచ్చును. అయితే నాగార్జునసాగరములోని కృష్ణ నీరు రెండు రాష్ట్రముల సొత్తు, సాగునకు త్రాగుటకు మొదటి హక్కుగలది. కాబట్టి ఈ పని తగవులేని యొప్పందముతో మాత్రమే నిండుగ సాగును.

రెండవ మార్గము బ్యాటరీ. 2010లో ఒక యూనిట్ శక్తిని పట్టు లిథియం బ్యాటరీ వెల వేయి డాలర్లకు పైబడి యుండెను. 2024 నాటికి అది నూటపదునైదు డాలర్ల ప్రాంతమునకు దిగెను. ఈ దిగుదలవలననే మన వీధులలో కరెంటు ఆటోలు, కరెంటు స్కూటర్లు కానవచ్చుచున్నవి.

7. మూడు హెచ్చరికలు

మొదటిది నీరు. ముప్పది మీటర్లనుండి యూనిట్‌నకు ఆఱువేల లీటర్లు వచ్చునని పైని లెక్కించితిమి గదా! మార్కాపురము, కనిగిరి ప్రాంతములలో బోర్లు వందలకొలది అడుగులు దిగిపోయినవి. నూటయేబది మీటర్ల లోతునుండి తోడినచో అదే యూనిట్ పండ్రెండువందల లీటర్లనే యిచ్చును. కరెంటు ఉచితము, ఎండయు ఉచితమని పగలంతయు మోటారు విడిచిన యెడల, నీరు మఱింత లోతునకు పోవును; పిమ్మట ఎంత చౌక కరెంటైనను తోడుటకు నీరుండదు. ఎండ ప్రతిదినము వచ్చును. భూగర్భజలము అట్లు రాదు. కాబట్టి సౌరపంపు వచ్చినచోట దానివెంట బిందుసేద్యమును రావలెను. తాను వాడని సౌరకరెంటును తీగెలోనికి పంపి దానికి వెల పొందు సదుపాయము రైతునకు కలిగినచో, నీరు మిగుల్చుటయే అతనికి లాభమగును.

రెండవది కౌలురైతు. ఈ సీమలో మిరప, పత్తి పండించువారిలో ననేకులు పరుల పొలమును కౌలునకు చేయువారే. కరెంటు మీటరు భూస్వామి పేర నుండును. సహాయధనమును పట్టా గలవానికే వచ్చును. ఏడాది కౌలుగలవాడు ఇరువదియైదేండ్లు నిలుచు పలకలను పరుని భూమిలో పాతలేడు. అతడు డీజిలు ఇంజనునే సైకిలు వెనుక కట్టుకొని పోవును. చక్రములమీద త్రోయదగు చిన్న సౌరపంపులు, సంఘము పేర అద్దెకిచ్చు పంపులు, ఫీడరునంతయు సౌరవిద్యుత్తునకు మార్చుట, ఇట్టి మార్గములు అతనికి మేలు చేయును. ఎండ ధనికుని పొలము, పేదవాని పొలము అను భేదము లేక కాయుచున్నది. దానివలన పుట్టిన లాభముకూడ అట్లే అందఱకు చేరవలెనని పర్వతప్రసంగమును చదివిన మనము కోరక తప్పదు.

మూడవది నేల. ఒక మెగావాటు పలకలకు నాలుగైదు ఎకరములు కావలెను. మిరప పండు నల్లరేగడిమీద పలకలు పరచుట వివేకము కాదు. గిడ్డంగుల రేకులు, జిన్నింగు మిల్లుల కప్పులు, పాఠశాలల డాబాలు, రాతిదిబ్బలు, పంటకు పనికిరాని బీళ్లు ముందు నిండవలెను.

8. విద్యార్థుల పని

1932లో పైకారా కరెంటు వచ్చినపుడు కోయంబత్తూరు బాలురు దానిని చూచి ఆశ్చర్యపడి ఊరకుండలేదు. మోటారు విప్పి చూచిరి, చుట్టిరి, చేసిరి. మన ఊళ్లలో నేడు పలకలు బిగించుటకు, మోటార్లు చుట్టుటకు, బ్యాటరీలు బాగుచేయుటకు, శీతలయంత్రములు నడుపుటకు నేర్పరులు కావలసియున్నారు. పలకలు పరదేశమున చేయబడినచో చేయబడునుగాక. వానిని నిలిపి, తుడిచి, కాపాడి, లెక్కకట్టు పని మన ఊరనే జరుగవలెను. పాఠశాలలో ఓము నియమమును వల్లించి పరీక్షలో వ్రాసి మఱచిపోవువానికి ఈ పని దక్కదు; ఇంటి మీటరును చదివి, తండ్రికి లెక్క చెప్పగలవానికి దక్కును.

కావున ఈ సెలవులలో క్రింది లెక్కలను మీ మీ ఇండ్లలో చేసి, తిరిగివచ్చునపుడు నోటు పుస్తకమున వ్రాసి తెండు.

(1) మీ ఇంటి మీటరును ఏడు దినములు ఉదయమొక మారు, ప్రొద్దుగ్రుంకు వేళ నొక మారు చదువుడు. పగలెన్ని యూనిట్లు, రాత్రి యెన్ని? ఏ పనిని రాత్రినుండి పగటికి మార్పవచ్చును?

(2) 14.2 కిలోల గ్యాసు సిలిండరులో సుమారు 180 యూనిట్ల వేడిమి కలదు. గ్యాసు పొయ్యి అందు నూటికి ఏబదియైదు పాళ్లను గిన్నెకిచ్చుననుకొనుడు. అంతే వేడిని ఇండక్షను పొయ్యితో ఇచ్చుటకు ఎన్ని యూనిట్లు కావలెను? మీ బిల్లులోని వెలతో గుణించి, మీ ఊరి సిలిండరు వెలతో పోల్చుడు. ఏది చౌక?

(3) మీ పొలమునకో, పొరుగువారి పొలమునకో నీరు తోడు ఇంజను ఒక తడికి ఎన్ని లీటర్ల డీజిలు త్రాగునో అడిగి తెలిసికొనుడు. పైని చెప్పిన పద్ధతిని అదే పని కరెంటుతో ఎంత కగునో కట్టుడు.

(4) మీ బోరు లోతెంత? పదియేండ్ల క్రిందట ఎంత? ఇంటి పెద్దల నడిగి వ్రాయుడు.

ఈ నాలుగింటిలో కడపటి లెక్కకు గుణకారము కావలదు, భాగహారము కావలదు. అయినను అదియే అన్నిటికంటె ముఖ్యమైనది. మొదటి మూడు లెక్కలు చౌకయైన కరెంటు మనకేమి యీయగలదో చెప్పును. నాల్గవది దానిని మనమెంత వివేకముతో వాడుకొనవలెనో చెప్పును.